షిఫ్టు పట్టు

28 నవంబర్ 2009, శనివారం

ఇంటికి తెచ్చాం. నిజామాబాద్ ఖలీల్‌వాడి ఆసుపత్రి నుంచి బోధన్ దాకా ఆయన కారు కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చున్నాడు. ఎడపల్లి దాటాక, వెనక లైటు లేని చెరకు ట్రాక్టర్‌కు ఆయన స్కూటర్ గుద్దుకున్న చోటు వచ్చింది. నేను ఆయన చెయ్యి పట్టుకున్నాను. ఆ చోటును గుర్తుపట్టినట్టు లేదు. పట్టాడేమో కూడా. మొహంలో ఏమీ కనబడలేదు.

తల మీద కుట్లు ఆరాయి. కుడి చెయ్యి కాస్త బరువుగా ఆడుతోంది. ఎడమది బాగానే ఉంది. మాటే రావడం లేదు. రాకపోవడం కాదు, అనుకున్నది ఒకటి, వచ్చేది ఒకటి. నీళ్ళు కావాలంటే ‘చెప్పులు’ అంటాడు. నన్ను చూసి, వాళ్ళ నాన్నను పిలిచినట్టు ‘బాపు’ అన్నాడు, తరవాత తనే నవ్వాడు. ఒక్కోసారి అవుననాల్సిన చోట కాదని కూడా వస్తోంది.

పంపించేటప్పుడు డాక్టర్ మాట గురించీ మందుల గురించీ ఏదో వివరంగా చెప్పాడు. అదే సమయంలో మా ఆయన అన్న లక్ష్మీరాజం బావ కింది నుంచి కారు వచ్చిందని పిలుస్తున్నాడు. సగమే విన్నాను. మళ్ళీ వెళ్ళినప్పుడు అడగాలి.

ఇది ఆయన కంప్యూటర్ సెంటర్‌లో కొత్తగా చేరినవాళ్ళకు ఇచ్చే నోట్‌బుక్. ఒకటి మిగిలి ఉంటే తీసుకున్నాను. పైకి అనలేనివి రాసుకుంటే తల తేలికవుతుందేమో.

29 నవంబర్

ఈ రోజు బాగున్నాడు. అన్నం తిన్నాడు. బాగున్నాడు.

1 డిసెంబర్, మంగళవారం

బావ సెంటర్ నుంచి ఆయన కంప్యూటర్‌ను రిక్షాలో ఇంటికి తెచ్చాడు. మిగతా నాలుగూ బస్టాండ్ వెనక గదిలోనే ఉన్నాయి. వాటి మీద నేర్చుకునేవాళ్ళు కూర్చుంటారు. ఇది మాత్రం ఎవరూ ముట్టనిది. పోస్టులో ఊరికే వచ్చిన సీడీతో లినక్స్ వేసుకుని, తెలుగులో కనబడేటట్టు చేసుకుని, పోయిన నెల మొదట్లోనే మళ్ళీ కొత్త రకం ఎక్కించి, చిన్నపిల్లాడిలా నాకు చూపించి సంబరపడ్డాడు. నాకు అప్పుడు అంగన్‌వాడీకి వేళవుతోంది. సరిగా చూడలేదు.

బల్ల మీద పెట్టి వైర్లన్నీ తగిలించాం. బావ ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టాడు.

“తమ్మీ, గీ డబ్బ నీదే గద. తెరువు, సూద్దాం. నీకు యాదికుంటే అన్నీ యాదికున్నట్టే.”

తెర మీద ఆత్మారాం అని పేరు వచ్చింది. కింద పాస్‌వర్డ్ కొట్టే గడి వచ్చింది. ఆయన ఎడమ చేత్తో ఒక్కో అక్షరమే వెతుక్కుంటూ కొట్టాడు. నాకు చుక్కలే కనబడ్డాయి. ఎంటర్ నొక్కాడు. తెర నల్లబడింది. వచ్చేసిందనుకున్నాను. మళ్ళీ అదే పేరు, అదే గడి.

మళ్ళీ కొట్టాడు. మళ్ళీ నల్లబడింది. మళ్ళీ పేరు.

“ఇంకోపారి సూడు తమ్మీ. నిమ్మలంగ.”

మళ్ళీ అంతే. బావ నా వైపు తిరిగి గొంతు తగ్గించాడు. “మర్శిపోయిండు గోదావరీ.”

ఆయన విన్నాడు. బాధపడినట్టు లేదు, ఆశ్చర్యపోయినట్టు ఉన్నాడు. తెర వైపు వేలు చూపించి, “షిఫ్టు” అన్నాడు.

బావ చక్కెర ఫ్యాక్టరీలో పనిచేస్తాడు. గానుగ మొదలయ్యాక షిఫ్టుల మీదే బావ బతుకు. “నా షిఫ్టు రెండు గంటలకు తమ్మీ. ఇంకా టైమున్నది” అన్నాడు.

“షిఫ్టు. పట్టు.”

“పడ్త, పడ్త. నువ్వు పరేషాన్ గాకు.”

ఆయన తల అడ్డంగా ఊపుతూనే ఉన్నాడు. బావ ఇంకోసారి కంప్యూటర్ ఆపి వేశాడు. తెర మీద ఏమీ రాకముందే ఆయన చెయ్యి అక్షరాల మీదికి పోతోంది. “ఆగు, ఇంకా రాలే” అని బావ ఆ చెయ్యి తీసి ఒళ్ళో పెట్టాడు.

బావ పోతూ పోతూ గుమ్మం దగ్గర కళ్ళు తుడుచుకున్నాడు. నేను చూడనట్టు ఉండిపోయాను.

3 డిసెంబర్

ఆయన పడుకున్నప్పుడు నేనూ ప్రయత్నించాను. నా పేరు కొట్టాను. కాదు. మామయ్య పేరు. కాదు. బోధన్. కాదు. పెళ్ళయిన సంవత్సరం. కాదు. నా పేరు కాదన్నందుకు కాసేపు బాధపడ్డాను. ఇలాంటప్పుడు ఇదొక బాధా అని నవ్వూ వచ్చింది.

నేను కొట్టిన ప్రతిసారీ ఇంగ్లీషులో ఒక వరుస వచ్చింది. ఆథెంటికేషన్ ఫెయిల్యూర్. రెండో మాట తెలుసు. ఆయన కొడితే ఆ వరుస రాదు, తెర నల్లబడి మొదటికి వస్తుంది. ఆయన తప్పు ఇంకో రకం తప్పేమో.

మందుల్లోని తెల్ల గోలీ వద్దని చెయ్యి తోసేస్తున్నాడు. అరటిపండు ముక్కలో పెట్టి మింగించాను. అంగన్‌వాడీలో పిల్లలకూ ఇంతే.

5 డిసెంబర్, శనివారం

నవీపేట్ నుంచి గంగామణి వచ్చింది. సెంటర్‌లో నేర్చుకునే ఆడవాళ్ళలో ఈమె చురుకైనది. ఇంట్లో అత్తతో కలిసి బీడీలు చుడుతుంది, పొద్దున బస్సులో వచ్చి నేర్చుకుని పోతుంది. క్లాసులు సగంలో ఆగిపోయాయి. ఎప్పుడు మొదలవుతాయో అడగడానికి వచ్చింది కానీ ఆయన్ని చూశాక అడగలేకపోయింది.

“సార్, నేను గంగామణి. యాదికున్ననా?”

ఆయన మొహం వెలిగింది. నోరు తెరిచి, చాలాసేపు వెతికి, “గోదారి” అన్నాడు. నా పేరు. ఆ పిల్ల కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఆయన చేత్తో కాదు కాదు అంటున్నాడు. ఎవరు కాదో, ఏది కాదో నాకు తెలియలేదు.

సాయంత్రం బావ వచ్చాడు. “ఎన్ని దినాలు గిట్ల తాళమేసి ఉంచుదుం? రూం ఖాళీ చేసేద్దాం. డబ్బలు ఎవలకన్న పనికొస్తయి. తమ్మిని నేను సూస్కుంట, నా పాణమున్నన్ని దినాలు సూస్కుంట. గని గా సెంటర్ ఇగ ఆయనతోని గాదు.”

సరే అన్నాను. నేనే అన్నాను. ఆయన పక్కనే కూర్చుని ఉన్నాడు. అడగలేదు. అడిగితే మాత్రం ఏం చెబుతాడు?

ఆయన అరచేత్తో బల్లను గట్టిగా కొట్టాడు. మళ్ళీ కొట్టాడు. ఆకలేమోనని అన్నం పెట్టాను. తినలేదు.

7 డిసెంబర్

బంద్. బస్సులు లేవు. నిజామాబాద్‌లో కంప్యూటర్లు బాగుచేసే వెంకటి రావలసింది, రాలేదు. ఆయన దగ్గరే పని నేర్చుకున్న మనిషి. ఫోన్‌లో మాట్లాడాను.

“వదినా, పాస్‌వర్డ్ మర్శిపోతే ఫార్మాట్ కొట్టుడే. నాకు గీ లినక్స్ అంత తెల్వది. విండోస్ ఎక్కిస్త, కొత్తదానిలెక్క అయితది. గప్పుడు ఎవలకన్న ఇయ్యచ్చు.”

“మరి లోపల ఉన్నయి ఏమైతయి?”

“అవన్నీ పోతయి. ఏమున్నయి గండ్ల, పాఠాలే గద.”

పాఠాలే. ఒక్కో పాఠాన్నీ తెర మీద చేసి చూపిస్తూ తన గొంతుతో తెలుగులో చెప్పి దాచేవాడు. రాలేకపోయిన రోజు నేర్చుకునేవాళ్ళు పెట్టుకుని వింటారని. ఆయన పాత గొంతు ఆ డబ్బాలో తప్ప ఇంకెక్కడా లేదు.

అది నాకు కావాలని వెంకటికి చెప్పలేదు. వచ్చి చెయ్యమన్నాను. ఆ గొంతు విన్నాక ఈ గొంతుతో ఎలా ఉండను? పోతేనే మంచిది. కాదు, మంచిది కాదు. ఏమో.

10 డిసెంబర్

డాక్టర్ దగ్గరికి పోవలసిన రోజు. బస్సులు నడుస్తాయో లేదో తెలియక పోలేదు. తెలంగాణ ఇస్తామన్నారని ఊళ్ళో టపాకాయలు కాలుస్తున్నారు. ఆ చప్పుడుకు ఆయన ఉలిక్కిపడతాడనుకున్నాను. కిటికీ దగ్గర నిలబడి నవ్వుతూ చూశాడు.

12 డిసెంబర్, శనివారం

పొద్దున లేవగానే కంప్యూటర్ దగ్గరికి పోయి కూర్చున్నాడు. కొట్టడం, నల్లబడడం, మళ్ళీ పేరు రావడం. నాకు విసుగొచ్చింది.

“ఎన్నిసార్లు జెప్పాలె? నువ్వు మర్శిపోయినవ్. ఇడ్శిపెట్టు.”

ఆయన నా కళ్ళలోకి చూశాడు. “మర్వలే” అన్నాడు.

సరిగ్గా, స్పష్టంగా. ఇంటికి వచ్చాక ఇంత సరిగ్గా పడిన మాట ఇదే. సంతోషించాలా? చెప్పులు అన్నట్టే ఇదీ పొరపాటున వచ్చిన మాటేమో. మాట సరిగ్గా వచ్చినంత మాత్రాన విషయం నిజమవుతుందా? సాయంత్రం ఇదే మనిషి వాకిలి వైపు చూపించి “బాపు” అన్నాడు. మామయ్య చనిపోయి ఎన్నేళ్ళయిందో.

14 డిసెంబర్

అంగన్‌వాడీకి పోక తప్పలేదు. పక్కింటి సాయవ్వను కూర్చోమన్నాను. నేను వచ్చేసరికి బీడీల చాట ముందు పెట్టుకుని ఆమె ఏవో కబుర్లు చెబుతోంది, ఆయన నవ్వుతున్నాడు. నవ్వవలసిన చోటే నవ్వుతున్నాడు.

“అవ్వా, ఏమన్న మాట్లాడిండా?”

“మాట్లాడిండు. జర సేపైతది గంతే. నువ్వు అడుగుతవ్ బిడ్డా, గని జవాబుకు ఆగవు. ఆయన ఎతుకుతుంటనే నువ్వు ఇంకోటి అడుగుతవ్. గా పోరగాండ్లతోని మాట్లాడినట్టే మాట్లాడుతవ్.”

కోపం వచ్చింది. ఇంటి పని, బయటి పని, ఆసుపత్రి, అన్నీ చేసుకునేది నేను. గంటసేపు కూర్చుని పోయే మనిషికి అన్నీ తీరికే.

నేను ఆగుతాను. ఆగుతూనే ఉన్నాను.

15 డిసెంబర్

ఆగడం లేదు.

16 డిసెంబర్, బుధవారం

ఇది మరిచిపోకముందే రాయాలి. అక్షరాలు ఎలా పడితే అలా పడుతున్నాయి.

వెంకటి ఎల్లుండి వస్తానన్నాడు. వచ్చి అంతా తుడిచేస్తాడు. ఈ రోజు అంగన్‌వాడీకి సెలవు పెట్టాను. మధ్యాహ్నం అన్నాలయ్యాక ఆయన్ని కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి, నేను పక్కన కూర్చున్నాను. ఏమీ అడగకూడదని అనుకున్నాను. వెంకటి వచ్చేలోపు ఆయన ఒక్కసారైనా తన ఇష్టం వచ్చినట్టు కూర్చోనీ అనుకున్నాను. అంతకన్నా ఆలోచనేమీ లేదు నాకు.

స్విచ్ వేశాను. తెర మీద ఏమీ రాకముందే ఆయన ఎడమ చెయ్యి అక్షరాల మీదికి పోయింది. రోజూ బావో నేనో తీసేసే చెయ్యి. ఈ రోజు తియ్యలేదు. చిటికెన వేలు ఎడమ అంచున ఒక పెద్ద మీట మీద ఆనించి నొక్కిపట్టాడు. ఆ వేలు పక్కనుంచి అక్షరాలు కనబడ్డాయి. ఎస్, హెచ్, ఐ, ఎఫ్, టి.



“గీ షిఫ్టా? గిది పట్టుమన్నవా?”

ఆయన నోరు తెరిచి, మూసి, మళ్ళీ తెరిచాడు. ఆగాను. “గిదే” అన్నాడు. కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి.

ఆ మాటల్లో పడి వేలు జారింది. మళ్ళీ పేరు, గడి వచ్చేశాయి. ఆపి మళ్ళీ వేశాం. ఈసారి నేను పట్టుకున్నాను, ఆయన నా చెయ్యి మీద చెయ్యి వేసి పట్టుకున్నాడు. ఎప్పుడూ రాని తెర వచ్చింది. నల్లగా, తెల్ల అక్షరాల వరుసలతో. ఏదో పాడు చేశాననుకుని స్విచ్ మీద చెయ్యి వేశాను. ఆయన నా చెయ్యి తీసి పక్కన పెట్టాడు.

రెండో వరుస మీద వేలు పెట్టాడు. కూడబలుక్కుని చదివాను. చివర రికవరీ మోడ్ అని ఉంది.

“రికవరీ మోడ్.”

“ఊ.”

బాణం మీట నొక్కి అక్కడికి పోయి ఎంటర్ నొక్కాం. వాన పడ్డట్టు అక్షరాలు తెరంతా కిందికి జారిపోయాయి. తరవాత ఇంకో చిన్న పట్టీ వచ్చింది. ఆయనకు అక్షరాలు చదవడం కష్టంగా ఉన్నట్టుంది, కళ్ళు చిట్లించి నా వైపు తిరిగాడు. ఒక్కొక్కటే చదివాను.

“రెస్యూమ్.”

ఆయన కదల్లేదు.

“క్లీన్.”

అరచేత్తో బల్లను కొట్టాడు. గది ఖాళీ చేద్దామని బావ అన్న రోజు కొట్టినట్టే. అది ఆకలి కాదు.

క్లీన్ పక్కన ఇంకా కొన్ని మాటలున్నాయి. ఖాళీ జాగా చెయ్యడానికి ప్రయత్నిస్తుందని. నాకు భయం పట్టుకుంది. ఖాళీ చెయ్యడమంటే తుడిచెయ్యడమే కదా. వెంకటి చేస్తానన్నదీ అదే కదా.

“గిది నొక్కితే అన్నీ పోతయి గావచ్చు. పాఠాలు పోతయా?”

ఆయన వెతుకుతున్నాడు. ఆగాను. “చెప్పులు” అన్నాడు. తల విదిలించాడు. “పోతయి” అన్నాడు. మళ్ళీ తల విదిలించి, ఇంకా గట్టిగా వెతికి, “పోవు” అన్నాడు.

ఏది నమ్మాలి? రెండు మాటలూ ఆయనవే. ఫోన్ తీసి వెంకటికి చేద్దామనుకున్నాను. బావకు చేద్దామనుకున్నాను. ఇద్దరూ ఏం చెబుతారో నాకు తెలుసు. ఇద్దరూ నాకే చెబుతారు, నేను ఆయన చెయ్యి తీసి ఒళ్ళో పెడతాను.

నా చేతులు బల్ల మీది నుంచి తీసేశాను. “నీ డబ్బ. నీ ఇష్టం” అన్నాను.

ఆయన ఎంటర్ నొక్కాడు.

కాసేపు గొణిగినట్టు చప్పుడు చేసింది. ఇంకేమీ కనబడలేదు. మళ్ళీ ఆ పట్టీయే వచ్చింది. పైకి పోయి రెస్యూమ్ మీద ఆయనే నొక్కాడు. చాలాసేపటికి ఆత్మారాం అని పేరు వచ్చింది, గడి వచ్చింది. ఒక్కో అక్షరం, ఒక్కో చుక్క. తెర నల్లబడింది. నేను కళ్ళు మూసుకున్నాను. మళ్ళీ ఆ పేరు చూడలేను.

“గోదారి” అన్నాడు. ఈసారి నన్నే.

కళ్ళు తెరిస్తే ముప్కాల్ దగ్గర ప్రాజెక్టు కట్ట మీద నేను నిలబడి ఉన్నాను. గాలికి కొంగు ఎగిరి సగం మొహం కనబడడం లేదు. ఈ ఫోటో ఆయన తెర మీద పెట్టుకున్నట్టు నాకు తెలియదు.

నేను ఏడ్చాను. ఆయన నన్ను పట్టించుకోలేదు. మౌస్ పట్టుకుని ఎడమ చేత్తో వంకరటింకరగా ఏదో తెరుస్తున్నాడు. పాఠాలన్నీ వరుసగా ఉన్నాయి. చివరిది చాలా పెద్దదిగా ఉన్నట్టుంది, దాని పక్కన అంకె మిగతావాటిలా లేదు. దాన్ని నొక్కాడు.

“ఇప్పుడు మనం రాసిన ఉత్తరాన్ని దాచుకుందాం. పేరు పెట్టకుండ దాచితే మల్ల దొర్కది. అందుకే ముందుగాల పేరు...”

ఆయన గొంతు. ఎక్కడా ఆగకుండా, తడుముకోకుండా. తరవాత నా గొంతు వచ్చింది, దూరం నుంచి. “ఏమయ్యా, కీబోర్డులు తెచ్చేది లేదా? నిజామాబాద్‌ల దుకాణం మూస్తరు మల్ల.” ఆయన, “అయ్యో, వస్తున్న వస్తున్న” అన్నాడు. కుర్చీ జరిగింది. తలుపు పడింది. ఆ తరవాత ఫ్యాను చప్పుడు. ఫ్యాను. ఫ్యాను. ప్రమాదం రోజు తెర ఆపి స్కూటర్ ఎక్కాడు కానీ ఈ రికార్డింగ్ ఆపడం మరిచిపోయాడు. లోపల జాగా ఉన్నంతసేపూ ఆ ఖాళీ గదిని ఇది రాసుకుంటూ కూర్చుంది.

ఇంకా రాయడం నా వల్ల కాదు.

17 డిసెంబర్

మరిచిపోలేదు. మరిచిపోలేదు. మరిచిపోలేదన్నాడు, చెప్పాడు కూడా.

18 డిసెంబర్, శుక్రవారం

వెంకటి వచ్చాడు. బావ కూడా వచ్చాడు. ఆయన అందరి ముందూ తెరిచి చూపించాడు. వెంకటి కాసేపు తెరలో అదీ ఇదీ చూసి తల గోక్కున్నాడు.

“వదినా, అన్న పాస్‌వర్డ్ మొదటిసంది కరెక్టే కొట్టిండు. లోపల సూదిమొనంత జాగ లేకుంట నిండింది. మనిషిని గుర్తుపట్టింది గని, కూసోవెట్ట జాగ లేక మల్ల బయటికే తోలింది. తప్పు కొడితే తప్పని రాసి సూపెడ్తది. సూడు.”

పేరు, గడి ఉన్న తెరకు పోయి కావాలని తప్పు కొట్టాడు. ఆ ఇంగ్లీషు వరుస వచ్చింది. నేను ఎన్నిసార్లు చూశానో ఆ వరుస. ఆయనకు ఒక్కసారీ రాలేదు. అది ఇంకో రకం తప్పు కాదు, అసలు తప్పే కాదు. ఈ నోట్‌బుక్‌లో నేనే రాసుకున్నాను. రాసి పక్క పేజీకి పోయాను.

“గా క్లీన్‌తోని పాత సామానేదో పోయి జర జాగైంది. పాఠాలు ఏడియాడనే ఉన్నయి” అన్నాడు వెంకటి.

బావ కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. తరవాత ఆయన పక్కన కూర్చున్నాడు. “తమ్మీ, గియ్యాల ఏం వారం?”

ఆయన వెతికాడు. “బాపు” అన్నాడు.

బావ నా వైపు చూశాడు. ఆ చూపులో గెలుపు లేదు, దిగులే. “సూసినవా గోదావరీ. ఒక్క పాస్‌వర్డ్ తోని ఏమైతది? రేపు క్లాసుల నిలవడి ఏం జెప్తడు? నలుగురు నవ్వితే మనం సూడగల్గుతమా?”

బావ అన్నదీ నిజమే. “ఆయన్నే అడుగుదాం” అన్నాను.

“అడిగితె అవునంటడో కాదంటడో. అవునంటే కాదనేమో. నీకెట్ల తెలుస్తది?”

అదీ నిజమే. అయినా ఆయన ఎదురుగా కూర్చున్నాను. “సెంటర్ మూద్దమా?” అని ఒక్కటే అడిగి ఊరుకున్నాను. ఆగాను. వెంకటి ఏదో అనబోతే చెయ్యి ఎత్తాను. రోడ్డు మీద చెరకు బండ్లు పోతున్నాయి. ఆయన పెదవులు కదులుతున్నాయి, మాట రావడం లేదు. ఎంతసేపైనా రావడం లేదు.

ఆయన లేచాడు. బావ బల్ల మీద పెట్టిన సెంటర్ తాళంచెవిని ఎడమ చేత్తో తీసుకున్నాడు. చొక్కా జేబులో వేసుకున్నాడు. మళ్ళీ వచ్చి కూర్చున్నాడు.

బావ మొహం తిప్పుకున్నాడు. కాసేపటికి లేచి ఆయన జేబు మీద చెయ్యి వేసి తట్టాడు. “మంచిది. నీ తానే పెట్టుకో” అన్నాడు.

21 డిసెంబర్, సోమవారం

నిజామాబాద్. డాక్టర్‌ను అడిగాను. పంపించిన రోజే చెప్పాను కదమ్మా అన్నాడు. లోపల తెలుసట. బయటికి వచ్చే దారిలో మాట తప్పిపోతుందట. రోజూ మాట్లాడించాలట, తొందర పెట్టకూడదట. కొంత తిరిగి వస్తుంది, ఎంత అన్నది చెప్పలేనన్నాడు.

మందులు చూసి, “ఈ తెల్లది ఇంకా ఎందుకు వేస్తున్నారు? నిద్ర పడుతుంటే ఆపెయ్యమన్నాను” అన్నాడు.

అరటిపండులో పెట్టి మింగించాను. ప్రతిరోజూ. ఆయన వద్దని తోస్తూనే ఉన్నాడు.

బస్సులో వస్తూ ఆయన ఇంకా ఏమేం చెప్పి ఉంటాడో గుర్తు తెచ్చుకోవాలని చూశాను. షిఫ్టు నిజం. మర్వలే నిజం. గోలీ వద్దన్నది నిజం. వాకిట్లో బాపు? అది ఎవరో వచ్చారని చెప్పడమేమో. నిజంగానే బాపు కనబడ్డాడేమో. గంగామణిని గోదారి అన్నప్పుడు చేత్తో కాదు కాదన్నది, పేరు తప్పిందని ఆమెకు చెప్పడమే అయి ఉంటుంది. అలా అయి ఉంటుందని ఇప్పుడు అనుకుంటున్నాను. నేను అనుకోవడాల మీద నాకే నమ్మకం లేదు.

22 డిసెంబర్

వెంకటి ఫోన్ చేశాడు. పెద్ద ఫైలు తీసెయ్యకపోతే మళ్ళీ నిండిపోతుందన్నాడు. ఆయనకు చెప్పాను. దాన్ని ఇంకోసారి పెట్టి విన్నాడు. తన గొంతు, నా గొంతు, కుర్చీ, తలుపు. ఫ్యాను మొదలవగానే ఆపాడు.

“నాకు ఉండనీ” అన్నాను. నోట్లోంచి వచ్చేసింది.

ఆయన నా మొహం చూశాడు. పైకి పోయి వరుసలో మిగతా పాఠాలన్నిటి మీదా వేలు నడిపించాడు, ఇవన్నీ ఉన్నాయి కదా అన్నట్టు. తరవాత ఆ ఒక్కదాన్నీ తీసేశాడు. నన్ను మళ్ళీ అడగలేదు. సరే. ఆయనది.

25 డిసెంబర్

మళ్ళీ బంద్. ఎవరూ ఎక్కడికీ పోలేదు. “నీళ్ళు” అన్నాడు పొద్దున. నీళ్ళే కావాలి. మధ్యాహ్నం మళ్ళీ చెప్పులు.

30 డిసెంబర్, బుధవారం

సెంటర్ తెరిచాం. ఆయన కంప్యూటర్‌ను మళ్ళీ రిక్షాలో అక్కడికి చేర్చాం. గంగామణి, ఇంకా కొందరు వచ్చారు. అందరూ రాలేదు. బావ షిఫ్టు దిగి, నిద్ర మొహంతోనే వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

పాత పాఠం పెట్టారు. డబ్బాలోంచి ఆయన పాత గొంతు చెబుతోంది. ఆయన పక్కన నిలబడి, ఎవరి వేలు ఎక్కడ తప్పుతోందో చూసి, ఆ వేలు తీసి సరైన మీట మీద పెడుతున్నాడు. ఒకామె మొదట నవ్వింది. ఇబ్బందితో వచ్చిన నవ్వు. తరవాత మానేసింది. నేను గోడకు ఆనుకుని నిలబడ్డాను. ఆ పాత గొంతునూ ఈ మనిషినీ ఒకేచోట చూడలేనని భయపడ్డాను కదా. చూశాను. బాగుందని రాయను. బాగాలేదని కూడా రాయను.

పాఠం సగంలో ఆయన ఉన్నట్టుండి తల ఎత్తాడు. ముక్కు ఎగబీల్చాడు. వెతికి, వెతికి, “కాలుతున్నది” అన్నాడు.

నాకేమీ వాసన రాలేదు. బావకూ రాలేదు. “ఏం లేదు తమ్మీ” అనబోయి నా వైపు చూసి ఆగిపోయాడు. నేను పాఠం ఆపి, వంగి, ఒక్కో డబ్బా వెనకా వైర్లు పట్టి చూశాను. గంగామణి లేచి స్విచ్‌బోర్డు దగ్గర ముక్కు పెట్టింది. మిగతావాళ్ళు కుర్చీలు జరిపి కాళ్ళ కింద చూశారు. బావ బయటికి పోయి గోడ చుట్టూ తిరిగి వచ్చాడు. ఫ్యాక్టరీ వైపు నుంచి వచ్చే చెరకు మడ్డి వాసన తప్ప ఏమీ లేదు.

“ఏం కాల్తలేదు” అన్నాను. ఆయన ఇంకోసారి పీల్చి, ఆలోచించి, “ఊ” అన్నాడు. పాఠం మళ్ళీ పెట్టమని చెయ్యి ఊపాడు.

ఏమీ కాలడం లేదు. అయినా అందరం లేచి చూశాం.